పరదా బండిలో చెరువు చూసిన పిల్లలు

ఈ మధ్య మా ఇబ్రహీంపట్నం బడిలో కొత్తగా చేరిన పంతులమ్మలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. పిల్లలను ఊరి బయటికి తీసుకుపోయి ఏదైనా చూపించమని వాళ్ళకు పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. "అట్ల తీస్కపోతే పిల్లలు ఏం నేర్చుకుంటరు అవ్వా?" అని అడిగారు. చెప్పబోతే నోటిమాట వద్దు, రాసియ్యమన్నారు. రాసే చెయ్యి నాకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి అది ఇంకా అలిసిపోలేదు. అందుకని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెబుతాను. మనం ఏది చూపించాలని పిల్లలను తీసుకుపోతామో దాన్ని వాళ్ళు చాలాసార్లు చూడనే చూడరు. పక్కనున్నదేదో పట్టుకుంటారు. వాళ్ళు పట్టుకున్నది ఏమిటో తెలుసుకోవడమే మన ఉద్యోగం. ఈ సంగతి నాకు ఒకే ఒక్క ప్రయాణంలో తెలిసింది. నిజాం రోజుల మాట అది. ఆ ప్రయాణంలో మా పిల్లలు కంటితో ఏమీ చూడలేదు.

మామ పని

అప్పటికి నేను పంతులమ్మను కాను. ఆడపిల్లల బడిలో మామను. బడిలో పనిచేసే ఆడమనిషిని ఉర్దూలో మామ అనేవారు. తెలుగు పిల్లలకేమో మామ అంటే తల్లికి అన్నో తమ్ముడో, మీసాలుండే మనిషి. అందుకని "బాలమ్మ మామ వచ్చింది" అని పిలిచి తమలో తాము నవ్వుకునేవారు. నేనూ నవ్వేదాన్ని.

పొద్దున్నే ఇంటింటికీ పోయి పిల్లలను పోగుచేసుకుని రావాలి. సాయంత్రం మళ్ళీ ఇంటింటికీ అప్పజెప్పాలి. మధ్యలో నీళ్ళు తేవాలి, బడి ఊడవాలి, మగవాళ్ళెవరూ లోపలికి రాకుండా గుమ్మంలో కూర్చోవాలి. అక్షరం ముక్క రాదు. ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా రాలేదు.

పని చిన్నదే గాని దాని మీద బడి మొత్తం నిలబడి ఉండేది. ఆ రోజుల్లో తల్లులకు పాఠమంటే ఏమిటో తెలియదు, పంతులమ్మ ముఖం తెలియదు. నేను తెలుసు. నన్ను నమ్మి పంపేవారు. ఇప్పటి పంతులమ్మలకు ఈ సంగతి గుర్తుండాలి. పిల్లను బడికి పంపేవాళ్ళు పుస్తకాన్ని చూసి పంపరు, ఒక మనిషిని చూసి పంపుతారు. బయటికి తీసుకుపోయేటప్పుడు ఆ నమ్మకం ఇంకా పదింతలు కావాలి.

మా బడికి పెద్ద పంతులమ్మ కరీమున్నీసా. ఆడ పంతులును ఉస్తానీ అంటారు కాబట్టి ఊరందరికీ ఆమె ఉస్తానమ్మ. పట్నం నుంచి వచ్చి మా ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. నాలుగు తరగతులకూ ఆమె ఒక్కతే చెప్పేది. ఉర్దూ ఆమెకు ప్రాణం, తెలుగు కూడా తప్పు లేకుండా చదివేది. పిల్లల మీద చెయ్యెత్తగా నేను ఒక్కనాడూ చూడలేదు. ఆమెకున్న జబ్బు ఒక్కటే, తనిఖీ అంటే భయం.

తనిఖీలో రాసిన మాట

ఒక ఏడు తనిఖీకి వచ్చిన దొరసాని చాలా గట్టి మనిషి. ఆమె పేరు ఇక్కడ రాయను, మేమూ దొరసాని అనే పిలిచాం. పుస్తకంలో ఉన్నది అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పారు. బడి ముందున్న చెట్టు ఏం చెట్టని అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు. అది వేపచెట్టు. రోజూ దాని కిందనే ఆడుకుంటారు. కాని వేపచెట్టు పుస్తకంలో లేదు, అందుకని అది పాఠం కాదనుకున్నారు.

దొరసాని రిజిస్టరులో ఏదో రాసిపోయింది. ఉస్తానమ్మ దాన్ని నాకు చదివి వినిపించింది, చదువుతూ రెండుసార్లు ఆగింది. పిల్లలను బయటికి తీసుకుపోవాలి. చూసింది వాళ్ళ నోటితో చెప్పించాలి. వచ్చే తనిఖీలోనూ ఇట్లాగే చిలకపలుకులు పలికితే మూడు, నాలుగు తరగతులు ఎత్తేయాలి. ఆడపిల్లలకు రెండో తరగతి దాకా చాలు. అదీ రాసింది.

మూడు, నాలుగు తరగతుల్లో కలిపి మాకు పద్నాలుగు మంది ఉన్నారు. ఆ తరగతులు పోతే ఆ పద్నాలుగు మందీ ఇంట్లో కూర్చోవలసిందే. పట్నానికి ఎవరూ పంపరు. వాళ్ళలో అందరికన్నా చురుకైనది అండాళు, మాలీ పటేలు కూతురు. మాలీ పటేలంటే ఊరి శిస్తు, భూములు, చెరువు చూసుకునే పెద్ద. పిల్లకు పదకొండేళ్ళు. తరగతి ఎత్తేస్తారట అని తెలిసిన రోజు సాయంత్రం దారి పొడుగునా నా కొంగు పట్టుకుని నడిచింది. ఇంటి ముందుకు వచ్చాక, "నాల్గో తరగతి ల్యాకుంటె నేను మల్ల రెండో తరగతే సదువుత మామా. ఇంట్ల మాత్రం కూసోను" అన్నది.

పటేలు షరతు

చెరువు చూపిద్దామని ఉస్తానమ్మ నిర్ణయించింది. మా పెద్ద చెరువు పట్నం దాకా పేరున్న చెరువు. ఇళ్ళల్లో ఒప్పించే పని నాది. తల్లులేమో మగవాళ్ళను అడగమన్నారు. మగవాళ్ళు పటేలు పంపితే మేమూ పంపుతామన్నారు. పటేలు దగ్గరికి పోయాను.

"చెరువు కాడికా? పొద్దుందాక కట్ట మీద మగోళ్ళు తిరుగుతనే ఉంటరు. ఏమున్నది ఆడ సూడ, నీళ్ళేనాయె. ఇంట్ల గోలెంల గూడ ఉన్నయి, సూడుమను" అన్నాడు.

"బండ్లు గట్టిస్తం పటేలా."

"పరదాలు?"

"ఏస్తం."

"జానెడు గూడ ఎత్తొద్దు బాలమ్మా. ఎత్తినట్టు నా చెవుల పడ్డదా, తెల్లారి నుంచి అండాళు బడికి రాదు."

ఆయన చెడ్డవాడు కాదు. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు పుట్టింటికి పోయినా పరదా బండిలోనే పోయేవారు. ఊళ్ళో ఉన్న సర్కారు అధికారి దారోగా ఇంటివాళ్ళదీ అదే పద్ధతి. ఆ దారోగా కూతురు హఫీజా కూడా మా నాలుగో తరగతే. ఉస్తానమ్మ తానే బురఖాలో ఉండే మనిషి, ఆమెకూ ఇది సబబుగానే తోచింది. నా సంగతి వేరు. మా వాడకట్టు ఆడవాళ్ళం ఎండలో పొలం పనికి పోయినవాళ్ళం, మాకు పరదా లేదు. అయినా పెద్దిళ్ళ పిల్లలకు అది ఉండాల్సిందే అని నేనూ అనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. చెరువు చూపించడానికి పోతూ, ఏమీ కనిపించకుండా అన్ని వైపులా బిగించుకుని పోయాం. మాలో ఒక్కరికీ అది తప్పుగా తోచలేదు. పిల్లలను బయటికి తీసుకుపొమ్మన్నారు, తీసుకుపోతున్నాం, అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాం.

బండి లోపల

రెండు గూడుబండ్లు కట్టించాం. ముందు బండిలో ఉస్తానమ్మ, ఏడుగురు పిల్లలు. వెనక బండిలో నేను, అండాళు, హఫీజా, ఇంకో అయిదుగురు. పరదాలంటే పలచటి బట్టలు కావు, రెండు పొరలు కుట్టిన దుప్పట్లు. అంచులు తాళ్ళతో బండి కర్రలకు కట్టేశారు. లోపల చీకటి, ఉక్క, సద్దిమూటల్లో ఉల్లిగడ్డ వాసన.

సంత మైదానం దాకా పిల్లలు మోకాళ్ళతో పొడుచుకుంటూ కూర్చున్నారు. తర్వాత విసుగు పుట్టింది. ఇంతలో అండాళు బండి పలకల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. జడ పట్టుకుని లేపి కూర్చోబెట్టాను. లంగా అంతా దుమ్ము కొట్టుకుపోతే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలని కసిరాను.

"మామా, సంత మైదానం దాటినం" అన్నది ఆ పిల్ల.

"నీకెట్ల ఎర్క?"

"చక్రం కింద మొరం చప్పుడు పోయింది. మెత్తటి మన్ను వచ్చింది."

నిజమే. హఫీజా వెంటనే తానూ చెవి ఆనించింది. ఆ తర్వాత ఎవరు ఆపగలరు? ఏడుగురూ బోర్లా పడ్డారు. అది ఆటయింది. బండి ఎక్కడున్నదో చెప్పాలి, ఎట్లా తెలిసిందో కూడా చెప్పాలి. నేను ఆ దారిలో కట్టెలకు, గడ్డికి చిన్నప్పటి నుంచీ నడిచినదాన్ని కాబట్టి తీర్పు చెప్పే పని నాకు అప్పగించారు.

తాటిమట్టలు గలగలమంటే తాళ్ళ వనం అన్నారు. దబ్ దబ్ మని బట్టలు బాదే చప్పుడు వింటే చాకిరేవు. ఆ చప్పుడు ఒకటికి రెండుగా వినబడుతున్నది కాబట్టి ఎదురుగా ఏదో పెద్ద గట్టు ఉన్నదని హఫీజా చెప్పింది. అది చెరువు కట్ట. ఎడ్లు ముక్కుతూ అడుగు తగ్గించాయి, మేమంతా వెనక్కి ఒరిగాం. కట్ట ఎక్కుతున్నామని అందరూ ఒక్కసారే అన్నారు. ఎక్కినాక అండాళు ఎడమ పక్క నీళ్ళున్నాయన్నది. ఎట్లా అంటే, ఆ పక్క చెవి చల్లగా ఉన్నదన్నది. రాళ్ళకు అలలు కొట్టుకునే చప్పుడు తర్వాత వినిపించింది.

చెరువు నీళ్ళు పొలాలకు వదిలే తూములు మా కట్టకు రెండు. మొదటిదాని మీదికి బండి రాగానే కుడిపక్క నీళ్ళ హోరు లేచింది. హఫీజా తూము అన్నది. మార్కు హఫీజాకు వేశాను. బండి ఇంకా కొంత దూరం పోయింది.

"ఇంకో తూము" అన్నది అండాళు.

"నీళ్ళ చప్పుడేది? అబద్ధం" అని హఫీజా కొట్టిపారేసింది.

"నీళ్ళు లెవ్వు. కింద ఖాళీ ఉన్నది. చక్రం డొల్లగ మోగింది, ఇనలేదా?"

నేను నవ్వాను. రెండో తూము కట్ట చివరన ఉన్నదని, మధ్యలో ఏమీ లేదని, పుట్టిన కాడి నుంచీ చూస్తున్న నాకు తెలియదా అని తీర్పు చెప్పి మార్కు హఫీజాకే ఇచ్చాను. అండాళు మళ్ళీ ఆడలేదు. చివరిదాకా పోయి, బండ్లలోనే సద్ది తిని, పరదా జానెడు కూడా ఎత్తకుండా ఇంటికి వచ్చాం. పటేలు తమ ఇంటి ముందు నిలబడి బండి తాళ్ళు చూసుకుని, బాగున్నది అన్నట్టు తలూపాడు.

ఇద్దరి తప్పులు

తెల్లారి ఉస్తానమ్మ పిల్లలను ఏం చూశారని అడిగింది. ముందు బండిలో పిల్లలు పరదా అన్నారు. ఇంకొకతె ఎడ్ల తోకలు అన్నది, ముందర చిన్న సందు ఉండిందట. ఉస్తానమ్మ ముఖం పాలిపోయింది. చెరువు గురించి తానే ఒక పాఠం రాసి అందరికీ కంఠస్థం చేయించింది. "మేము చెరువును చూచితిమి. అందు తామరలు వికసించియుండెను. తెల్లని కొంగలు బారులు తీరి ఎగురుచుండెను." ముసల్మాను పిల్లలకు ఉర్దూలో అదే. ఇంత మంచి మనిషి, పిల్లలతో అబద్ధం పలికిస్తున్నది. భయపడ్డ పంతులమ్మ చేసే మొదటి పని ఇదే. నా ఉద్యోగకాలంలో తర్వాత చాలామందిని చూశాను. అధికారి ఏం వినాలనుకుంటున్నాడో ఊహించుకుని దాన్ని పిల్లల నోట్లో పెడతారు. పిల్లలకు ఆ రోజు తెలిసేది చెరువు గురించి కాదు, పెద్దవాళ్ళు ఎంత పిరికివాళ్ళో.

నా తప్పు దానికన్నా చిన్నదేమీ కాదు. పిల్ల చెవితో విన్నదానికి నేను నా తెలివితో తీర్పు చెప్పాను. చెవి ఆనించి వినవలసింది నేను. నవ్వి ఊరుకున్నాను. బండిలో జరిగిన ఆట గురించి ఉస్తానమ్మకు చెప్పనూ లేదు. పిల్లల ఆట పెద్ద పంతులమ్మకు చెప్పదగిన సంగతి అనిపించలేదు. మామ పని తీసుకుపోవడం, తీసుకురావడం, అంతే కదా.

తనిఖీ రోజు

దొరసాని చెప్పిన రోజుకు వచ్చింది. ఊరి పెద్దగా పటేలు బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కొక్క పిల్లా లేచి తామరలు, కొంగలు అప్పజెప్పింది. ముగ్గురు చెప్పేదాకా దొరసాని విన్నది. నాలుగో పిల్లను తామరలు ఏ రంగువని అడిగింది. ఎరుపు అన్నది. ఇంకొకతె తెలుపు అన్నది. మరొకతె ఆలోచించి ఆలోచించి నీలం అన్నది. మా చెరువులో తామరలే లేవు.

దొరసాని హఫీజా వైపు తిరిగింది. హఫీజా ఉస్తానమ్మను ఒకసారి చూసి తల వంచుకుని చెప్పింది, "మేం సూడలే దొరసానీ. పరదా ఏసి ఉండె."

ఉస్తానమ్మ కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. దొరసాని ఏమీ కోప్పడలేదు. కలం తీసి, రిజిస్టరు తెరిచింది. అది కోపం కన్నా ఘోరంగా ఉన్నది. ఆ కలం దిగితే పద్నాలుగు మందికి బడి లేదు. అండాళు పలక ఒడిలో పెట్టుకుని ఆ కలాన్నే చూస్తున్నది.

నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను. తనిఖీ జరుగుతుండగా మామ మాట్లాడడం నేను అంతకుముందు కన్నదీ లేదు, విన్నదీ లేదు.

"దొరసానీ, పిల్లలు సూడలేదు, నిజమే. ఇన్నరు. ఇన్నది అడుగుండ్రి" అన్నాను.

"బాలమ్మా, చుప్" అన్నది ఉస్తానమ్మ.

దొరసాని కలం ఆపి నేనెవరినని అడిగింది. మామనన్నాను. చదువు వచ్చా అంటే రాదన్నాను. "మరి పిల్లలకేం వచ్చునో నీకెట్ల తెలుసు?" అన్నది.

"బండిల నేను గూడ ఉన్న. సదువు రానోళ్ళకు చెవులే పుస్తకం దొరసానీ. ఆ పుస్తకం వీళ్ళు నాకన్న మంచిగ సదివిన్రు."

ఆమె రిజిస్టరు మూయలేదు, కలం మాత్రం కింద పెట్టింది. సరే, చెప్పండి అన్నది.

మొదట హఫీజా మొదలుపెట్టింది. మొరం, మెత్తటి మన్ను, తాటిమట్టలు, చాకిరేవు, రెండుగా వినబడ్డ చప్పుడు. దొరసాని ఆ చప్పుడు ఎందుకు రెండయిందని అడిగింది. గోడకు కొట్టిన బంతి తిరిగి వచ్చినట్టు వచ్చిందని హఫీజా చెప్పింది. ఇంకో పిల్ల ఎడ్ల ముక్కుడు చెప్పింది. ఇంకో పిల్ల చల్లటి చెవి సంగతి చెబుతూ తన చెవి పట్టుకుని చూపించింది. ముందు బండి పిల్లలు కూడా మాకూ వినపడ్డది అంటూ లేచారు. అంతకుముందు తామరలు అప్పజెప్పిన గొంతులు కావు అవి. ఒకరి మాట ఒకరు లాక్కుంటున్నారు. దొరసాని నల్లబల్ల మీద దారి గీయమంటే నలుగురు కలిసి గీశారు, గీస్తూ కొట్లాడుకున్నారు.

కట్ట గీసినాక తూములెన్ని అని అడిగింది దొరసాని. హఫీజా రెండు అన్నది. అండాళు లేచి మూడు అన్నది.

ఉస్తానమ్మ, రెండే అని నెమ్మదిగా చెప్పింది. బయటి నుంచి పటేలు కూడా రెండే అని గట్టిగా అన్నాడు. అండాళు తండ్రి గొంతు విని కూడా కూర్చోలేదు. మూడే, నడిమిది మూసుకపోయింది, దాని కింద ఖాళీ ఉన్నది అన్నది.

దొరసాని మళ్ళీ కలం తీసుకున్నది. ఊరి పెద్దలంతా రెండంటుంటే పిల్ల మూడంటున్నదంటే, ఇదీ ఊహేనేమో, ముందటి తామరల్లాంటిదేనేమో అన్నది. బండిలో ఆ పిల్లను నమ్మనిది నేనే. ఇప్పుడు ఆమె మాట మీదనే బడి ఆగి ఉన్నది.

"బండి కట్టిస్తరా దొరసానీ? పరదా ఏసే కట్టించుండ్రి. నేను లోపట్నుంచే చెప్త, ఎక్కడున్నదో" అన్నది అండాళు.

కట్ట మీద

ఆ మధ్యాహ్నమే బండి కట్టారు. లోపల వెనక బండి పిల్లలు ఏడుగురితోపాటు దొరసాని కూర్చుంది, ఎవరైనా తొంగిచూస్తారేమో కనిపెట్టడానికి. ఉస్తానమ్మ కూడా ఎక్కింది. నాకు చోటు లేక వెనక నడిచాను. పటేలు పక్కన నడుస్తున్నాడు. కట్ట మీద నీరటి మల్లయ్య ఎదురయ్యాడు. తూములు తెరిచి మూసే పని తాత ముత్తాతల నుంచి వాళ్ళ ఇంటిదే. సంగతి విని మల్లయ్య నవ్వాడు. "ఏందమ్మా బాలమ్మా, మీ పిల్లలకు నా చెరువుల కొత్త తూము పుట్టిందట?" అన్నాడు.

మొదటి తూము రాగానే లోపలి నుంచి పిల్లలంతా అరిచారు. అది సరిపోయింది. బండి సాగుతున్నది. మేము అందరం మాట్లాడకుండా నడిచాం. నేను జీవితంలో మొదటిసారి ఆ కట్ట మీద చక్రం చప్పుడు విన్నాను. మట్టి, మట్టి, మట్టి. ఆ తర్వాత ఒక్క క్షణం, డప్పు మీద వేలితో కొట్టినట్టు ఒక చప్పుడు.

"ఈడ" అన్నది పరదా వెనక నుంచి అండాళు గొంతు. ఆ వెంటనే హఫీజా గొంతు, "అవ్, నాకు గూడ ఇనొచ్చింది."

బండి ఆపించారు. అక్కడ ఏమీ లేదు, గడ్డి మొలిచిన మట్టి. మల్లయ్య నవ్వుతూనే చేతిలో ఉన్న గడ్డపారతో నేల మీద కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు నవ్వడం మానేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోడాడు. మూరెడు లోతున రాతి బండ తగిలింది. పక్కన పొలాల్లో పనిచేసే వాళ్ళు వచ్చి గుమిగూడారు. బండ అంచున సందు చేసి మల్లయ్య చిన్న రాయి ఒకటి లోపలికి వదిలాడు. అది చాలా కిందికి పోయి పడ్డది. ఆ చప్పుడు మేమందరం విన్నాం, బండిలో వాళ్ళూ విన్నారు.

"మా తాత చెప్తుండె పటేలా. ఎన్కట మూసేసిన తూము ఒకటి ఉన్నదని. ముసలోడు ఏదో అంటున్నడని నవ్విన" అన్నాడు మల్లయ్య.

ఎవరి బిడ్డ చెప్పిందని గుంపులో ఎవరో అడిగారు. "నా బిడ్డ" అన్నాడు పటేలు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. చెరువు చూసుకునే పెద్ద ఆయనే. కట్ట కడుపులో అంత ఖాళీ ఉంటే ఎప్పటికైనా ముప్పేనని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. వానలు పడకముందే దాన్ని రాళ్ళతో, బంకమట్టితో నింపించాడు, అది తర్వాతి మాట.

దొరసాని కిందికి దిగి, బండి పలక మీదనే రిజిస్టరు పెట్టుకుని రాసింది. రాసింది గట్టిగా చదివింది. మూడు, నాలుగు తరగతులు ఉంటాయి. ఈ బడి పిల్లలను ఏడాదికి నాలుగుసార్లయినా బయటికి తీసుకుపోవాలి. వాళ్ళకు ముందుగా ఏ పాఠమూ కంఠస్థం చేయించకూడదు. ఉస్తానమ్మ ఆ చివరి మాట విని, పరదా లోపల నుంచే "జీ హా" అన్నది. ఏడుస్తూ అన్నదో, నవ్వుతూ అన్నదో నాకు కనబడలేదు. రాసినదాని కింద ఉస్తానమ్మ సంతకం చేసింది, పటేలు చేశాడు. కళ్ళారా చూసినవాళ్ళంగా మల్లయ్య, నేను వేలిముద్రలు వేశాం. తెల్లారి ఉస్తానమ్మ నా చేతిలో పలక పెట్టి ఒకటో తరగతి పిల్లల వెనక కూర్చోబెట్టింది. వేలిముద్ర వేయడం నాకు అదే చివరిసారి. పలక నుంచి పంతులమ్మ కుర్చీ దాకా ఎట్లా పోయానో చెప్పడానికి ఈ కాగితం చాలదు, దాని అవసరమూ లేదు. ఆ తర్వాత నేను తీసుకుపోయిన ప్రతి ప్రయాణంలోనూ పిల్లలను ఏం చూశారని మొదట అడగలేదు, ఏం తెలిసిందని అడిగాను. ఎంత వింతగా చెప్పినా నవ్వలేదు. పోయి గడ్డపారతో కొట్టి చూశాను. అందులో సగంసార్లు పిల్లలది తప్పు, సగంసార్లు నాదే తప్పు.

ఆ రోజు మాత్రం ఇంకా అయిపోలేదు. ఎడ్లను వెనక్కి తిప్పబోతుండగా పరదా వెనక నుంచి అండాళు పిలిచింది.

"బాపూ, మేం చెప్పిన తూమును ఊరంత సూస్తున్నది. మేం సూడొద్దా?"

పటేలు నిలబడిపోయాడు. గుంపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన బండి దగ్గరికి పోయి తాళ్ళు విప్పాడు. ముళ్ళు బిగుసుకుపోయి ఉంటే పళ్ళతో లాగి మరీ విప్పాడు. ఎడమ పక్క పరదా మొత్తం ఎత్తి గూడు మీద వేశాడు.

పిల్లలు కన్నులు చిట్లించుకుని చూశారు. ముందు గుంత, తర్వాత నీళ్ళు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నీళ్ళు. అందరూ ఒక్కసారే మాట్లాడారు, వేళ్ళు చూపించారు, హఫీజా దిగుతానని గొడవ చేసింది. అండాళు ఒక్కతే చెరువును కాసేపు చూసి గట్టిగా కళ్ళు మూసుకున్నది.

"ఏందే, సూడుమనే గద పరదా ఎత్తింది. కండ్లు మూస్కుంటివి?" అన్నాడు పటేలు.

"జర ఆగు బాపూ. నేను ఇన్న చెరువు ఇదేనా కాదా సూస్తున్న."

పటేలు ఆగాడు. మల్లయ్య, దొరసాని, బండివాడు, నేను, అందరం ఆగాం. అలలు రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. ఆ పిల్ల తల కొంచెం ఎడమ పక్కకు వంచి, చెవి నీళ్ళ వైపు పెట్టి విన్నది. తర్వాత కళ్ళు తెరిచింది.

"అవ్, గదే" అన్నది.